గొంతు కునుకు తీస్తే

మామయ్య చెబుతున్న కథ సగంలో ఆగిపోయింది. కథే కదా, ఆగితే ఆగింది అనుకోవడానికి లేదు. ముప్పై ఏళ్లు బస్టాండు మైకులో కూర్చుని ఊరందరినీ సరైన బస్సు ఎక్కించిన మనిషి ఆయన. గొంతుకు ఆపరేషన్ జరిగి మాట పోయింది. ఏడాది తర్వాత మొదటిసారి పాత స్నేహితుల మధ్య కూర్చుని నోరు విప్పాడు. నోరంటే నోరు కాదనుకోండి, పలక.

పలక అంటే బలపంతో రాసేది కాదు. పుస్తకంలా మూతపడే చిన్న యంత్రం. మనం టైపు చేసింది అది పైకి చదివి వినిపిస్తుంది. దాన్ని తయారుచేసే ఆఫీసులోనే మామయ్య మేనకోడలు ఇంజనీరు. చిన్నప్పుడు ఇంట్లో రేడియో విప్పి మళ్లీ బిగించలేక మంచం కింద దాచిపెట్టినందుకు మామయ్య ఆమెకు పిడుగు అని పేరు పెట్టాడు. ఆ పేరు ఇంట్లోంచి ఆఫీసుకీ పాకిపోయి అసలు పేరును మింగేసింది. ఇక పలకకు గొంతు ఎక్కడిదంటారా, అది మామయ్యదే. బస్టాండు బీరువాలో మూలుగుతున్న పాత క్యాసెట్లు తెచ్చి, అందులోని ప్రకటనలు ఏరి, ఆ గొంతునే పిడుగు మళ్లీ పుట్టించింది.

వచ్చిన చిక్కల్లా ఆ క్యాసెట్లలో ప్రకటనలు తప్ప మరో మాట లేకపోవడం. అందుకని పలకలో మామయ్య ఏమన్నా ప్రకటన చేసినట్టే ఉంటుంది. "టీలో పంచదార తక్కువైంది" అన్నా సరే, ఏదో బస్సు రద్దయినట్టు వినిపిస్తుంది.

"ఆయన టీ అడిగినప్పుడల్లా సంచీ సర్దుకుని పరిగెత్తాలనిపిస్తోందే నాకు," అంటుంది అత్తయ్య. అని ఊరుకోదు. "ఇంత గొప్ప గొంతు పెట్టుకుని ఏం లాభం! పెళ్లయిన కొత్తలో నాలుగుసార్లు అలిగి పుట్టింటికి పోదామని బస్టాండుకెళ్లా. ఈయన మొహం చూడకూడదని మైకు గదికి వీపు పెట్టి, గోడవైపు తిరిగి బల్ల మీద కూర్చునేదాన్ని. మైకులో పిలిస్తే లేద్దామని. నాలుగుసార్లూ బస్సు వెళ్లిపోయింది! మైకు మొగుడుండి నాకే పిలుపు వినపడలేదంటే నా చెవులదే తప్పని ఊరుకున్నా."

ఈ మాట వచ్చినప్పుడల్లా మామయ్య పేపర్లో తల దూర్చేవాడు.

ఇంతకీ ఆ ఆదివారం ఏం జరిగిందంటే, టీ కొట్టు దగ్గర రిటైరైన డ్రైవర్లూ కండక్టర్లూ ఆరుగురు చేరారు. మామయ్య పలక తెరిచి కథ మొదలుపెట్టాడు. "ఒకాయన రోజూ రాత్రి నా కిటికీ దగ్గరికి వచ్చి, ఏడున్నర బస్సు వెళ్లిపోయిందా అని అడిగేవాడు. వెళ్లిపోయిందంటే, హమ్మయ్య అని గుండెల మీద చెయ్యేసుకుని ఇంటికి పోయేవాడు. ఎందుకో చెప్పుకోండి." చెప్పి, ఊహించుకోమని అందరి మొహాలూ చూస్తూ కూర్చున్నాడు. వాళ్లు తలో మాటా అన్నారు. ఒక్కటీ కుదరలేదు. ఈలోగా మామయ్య పలక మూశాడు. చివరికి అందరూ "నువ్వే చెప్పు గురూ" అనేసరికి, కళ్లు మెరుస్తుండగా మూత తెరిచి మిగతా సగం టైపు చేశాడు.

చప్పుడు లేదు. తెర మీద అక్షరాలు కదిలాయి గానీ పలక పలకలేదు. మళ్లీ నొక్కాడు. ఊఁహూఁ.

"ఏం గురూ, బండి ఆగిపోయిందా? దిగి తొయ్యమంటావా?" అన్నాడు ఒకాయన. సర్వీసులో ఉన్నంతకాలం బస్సును నోటి ఈలతోనే నడిపించాడని ఆయన్ని అందరూ ఈల కండక్టరు అంటారు. అందరూ పకపకా నవ్వారు. పాపం, చెడ్డ మనసుతో నవ్వలేదు. కానీ నవ్వాల్సింది కథకి. నవ్వింది మామయ్యను చూసి. మామయ్య టీ సగంలో వదిలేసి ఇంటికొచ్చి, పలకను అలమారా పై అరలో పెట్టెల వెనక్కి తోసేశాడు.

మూడు రోజుల తర్వాత ఈల కండక్టరే తల గోక్కుంటూ ఇంటికొచ్చాడు. పాత మైకు గదిని పడగొట్టేస్తున్నారట. ఇక అన్నీ కంప్యూటరే చెబుతుందట. శనివారం పొద్దున పదింటికి ఆ గది నుంచి చివరి ప్రకటన మామయ్యే చెయ్యాలని పాతవాళ్లందరి కోరిక.

మామయ్య కాగితం మీద పెన్సిలుతో రాశాడు. "చెప్పడానికేముంది, చెబుతాను. ఎవడైనా తిరిగి ఏదైనా అడిగితే? నోరు తెరిచి నిలబడమంటావా?"

అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన పిడుగు ఆ కాగితం తీసుకుని రెండుసార్లు చదివింది. ఆ పలకలో స్పీకరును నడిపించే ప్రోగ్రాము రాసింది తనే మరి.

"శనివారానికి పలికిస్తా మామయ్యా. పలక్కపోతే ఉద్యోగం మానేసి, నీ పక్కన నిలబడి నేనే అరుస్తా."

మామయ్య రాశాడు. "నీ గొంతు వింటే వచ్చిన బస్సులు వెనక్కిపోతాయి." అయినా అలమారాలోంచి పలక తీసి ఇచ్చాడు. ఇస్తూ ఇంకో ముక్క రాశాడు. "ఈసారి నలుగురిలో మూగపోయిందంటే ఇక దీన్ని ముట్టుకోను. నాకు పెన్సిలు చాలు."

పెన్సిలుతో మామయ్య రోజుకు పది మాటలు రాస్తే గొప్ప. పిడుగుకు ఆ సంగతి తెలుసు. అత్తయ్యకు ఇంకా బాగా తెలుసు.

ఆఫీసంటే పెద్ద హంగేమీ లేదు. నాలుగు బల్లలు, కాలిన తగరం వాసన, ఎక్కడ కాలు పెట్టినా వైర్లు. ఓ మూల బల్ల మూతల మాస్టారిది. తయారైన పలకల్ని పరీక్షించే పెద్దమనిషి ఆయన. పలక మూతను దానంతటదే మూసి తెరిచే చెక్క చెయ్యి ఒకటి సొంతంగా చేసుకున్నాడు. దానికి కొక్కెం అని పేరు. రోజంతా అది టకటకా మూస్తూ తెరుస్తూ ఉంటుంది, ఆయన పక్కన కూర్చుని వేరుసెనగలు వలుచుకుంటూ ఉంటాడు. అందుకే ఆయన మూతల మాస్టారయ్యాడు.

"మా కొక్కెం వెయ్యిసార్లు మూసిందమ్మా నీ పలకని. వెయ్యిసార్లు తెరిచింది, వెయ్యిసార్లూ పలక కూత కూసింది," అన్నాడాయన మీసం సవరించుకుంటూ. "లోపం పలకలో లేదు. మీ మామయ్యగారు ఏదో తప్పు మీట నొక్కి ఉంటారు."

"మా మామయ్య మీటలు నొక్కడంలోనే ముసలాడయ్యాడు మాస్టారూ. ఆయన్ననకండి," అని కస్సుమంది పిడుగు.

కస్సుమంది గానీ, తను యాభైసార్లు మూసి తెరిచినా పలక శుభ్రంగా పలికింది. లోపల ఏం జరగాలో ఆమెకు కంఠోపాఠం. మూత పడగానే పలక లోపలి సామాన్లన్నీ ఒక వరసలో నిద్రపోవాలి. పిల్లలున్న ఇల్లు ఎలాగో ఇదీ అంతే. ముందు పిల్లల్ని పడుకోబెట్టాలి, తర్వాత తల్లి పడుకోవాలి, ఆఖర్న దీపం ఆర్పాలి. లేచేటప్పుడు ముందు తల్లి లేవాలి, తర్వాతే పిల్లలు. తల్లి లేవకముందే పిల్లాణ్ణి లేపితే వాడికి పాలెవరిస్తారు? కరెంటిచ్చే భాగం తల్లి, స్పీకరు పిల్లాడు. ఆ వరస పిడుగు ఇప్పటికి పదిసార్లు సరిచూసింది. ఎక్కడా తేడా లేదు. మరి మామయ్య చేతిలోనే ఎందుకు మూగపోతోంది? గురువారం మధ్యాహ్నానికి ఆమె తలప్రాణం తోకకొచ్చింది. పలకను సంచీలో పడేసుకుని తిన్నగా ఇంటికొచ్చేసింది.

"మామయ్యా, నా ఎదుట ఒకసారి వాడు. నేనేమీ అనను, ఊరికే చూస్తా."

మామయ్య పలక తెరిచాడు. "మధ్యాహ్నం తిన్నావా?" అని గంభీరంగా ప్రకటన వచ్చింది.

"తిన్నాలే."

ఆయన మూత ముయ్యలేదు. ఆమె మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. నిజంగా తిందో లేదో కళ్లలో వెతుకుతున్నాడు. ఇంకేమైనా అంటుందేమోనని ఆగాడు. గోడ గడియారం ఏడెనిమిదిసార్లు టిక్కుమంది. అప్పుడు, ఇక ఈమె చెప్పేదేమీ లేదని నమ్మకం కుదిరాక, మెల్లగా మూత మూశాడు. కాసేపాగి తెరిచి, "అబద్ధం" అని టైపు చేశాడు.

పలక పలకలేదు.

పిడుగు పలక లాక్కుంది. ఒకసారి మూసి తెరిచి, "తిన్నా" అని నొక్కి పలికించి, వెంటనే మూత మూసి తెరిచింది. పలికింది. మళ్లీ. పలికింది. ఈసారి నొక్కి, మామయ్యలాగే గడియారం వింటూ కూర్చుని, అప్పుడు మూసి తెరిచింది.

మూగ.

"ఆగడం!" అంది పిడుగు గట్టిగా. "నువ్వు ఆగుతావు మామయ్యా! మేమెవ్వరం ఆగం!"

మామయ్య కాగితం అందుకున్నాడు. "ఆగక? చెప్పడం సగం పనే. మైకులో చెప్పాక కిటికీలోంచి తల బయటపెట్టి చూడాలి. వినపడనివాడొకడు పరిగెత్తుకొస్తాడు. వాడికి జవాబు చెబితేనే పని పూర్తయినట్టు. ముప్పై ఏళ్లు అదే చేశాను."

కొక్కెం జవాబు కోసం ఆగదు. మూతల మాస్టారూ ఆగడు. పిడుగు సరేసరి, చిన్నప్పటినుంచీ ఎవరి మాటా పూర్తిగా విన్న పాపాన పోలేదు. మాట్లాడి, అవతలివాడు చెప్పేది వినే మనిషి చేతిలోకి పలక వెళ్లడం ఇదే మొదలు.

ఎక్కడో తెలిసింది గానీ, ఎందుకో తెలియాలి కదా. పిడుగు గోళ్లు కొరుక్కుంటూ ఉంటే అత్తయ్య టీ తెచ్చింది. మామయ్యకు ఇస్తూ నవ్వడం మొదలుపెట్టింది.

"ఇది ఇవాళ సాయంత్రం టీ అండోయ్. గుర్తుపెట్టుకోండి," అని పిడుగు వైపు తిరిగింది. "నిన్న ఏం చేశారో తెలుసా మీ మామయ్య? సాయంత్రం కుర్చీలో కునుకు తీశారు. లేపబుద్ధి కాక దుప్పటి కప్పి, దీపాలార్పి నేనూ పడుకున్నా. మనిషి తెల్లారి లేచి, కళ్లు నులుముకుని, సాయంత్రం టీ ఏదీ అని సైగ! కునుకు తీసి లేచాననుకున్నారు గానీ రాత్రి గడిచిపోయిందని తెలీదు. మొహం కడగరు, పళ్లు తోమరు, పైగా టీ ఆలస్యమైందని నా మీద చిరాకు!"

పిడుగు చేతిలో టీ అలాగే ఉండిపోయింది.

స్పీకరుకు రెండు రకాల నిద్రలున్నాయి. మూడు సెకన్లు పని లేకపోతే, మూత తెరిచి ఉన్నా అది తనంతట తానే కునుకు తీస్తుంది. బ్యాటరీ మిగులుతుందని ఆ కునుకు నేర్పింది పిడుగే. ఆఫీసంతా చప్పట్లు కొట్టింది కూడా. కునుకులో దానికి అన్నీ గుర్తుంటాయి, గొంతు ఎంత పెంచాలో, ఏ తీగ మీద మాట వస్తుందో అన్నీను. కానీ మూత పడితే వచ్చేది అసలు నిద్ర. అప్పుడు కరెంటే ఆగిపోతుంది, స్పీకరు సర్వం మరిచిపోతుంది. మెలకువగా ఉండి నిద్రపోతే ఇబ్బంది లేదు. నిద్రకు ముందు అన్నీ రాసి పెట్టుకుంటుంది, లేచాక చదువుకుంటుంది. మరి మూత పడే వేళకే కునుకులో ఉంటే? అక్కడ పిడుగు రాసిన వాక్యం ఒకటుంది. 'ఎలాగూ నిద్రలోనే ఉంది కదా, దాని జోలికి పోవద్దు.'

అదీ సంగతి. జోలికి పోలేదు. చీకట్లో కరెంటు పోయింది, స్పీకరు అంతా మరిచిపోయింది. తెల్లారి లేచి, తను కునుకే తీశాననుకుని, మొహమైనా కడగకుండా వచ్చి కూర్చుంది. పలకేమో అది పలుకుతోందనే అనుకుంటోంది. నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు గానీ, లేచాననుకునేవాణ్ణి ఎవడు లేపుతాడు?

"అత్తయ్యా, నువ్వు బంగారం!" అని పిడుగు ఆమె బుగ్గ మీద ముద్దు పెట్టి, చెప్పులు ఒకటి అటూ ఒకటి ఇటూ వేసుకుని పరిగెత్తింది.

"టీ తాగి పోవే!" అని అత్తయ్య అరిచింది. ఎవరు వింటారు?

మూతల మాస్టారు ముందు ఒప్పుకోలేదు. పిడుగు కొక్కేన్ని ఆపి, పలక కూత కూశాక పది సెకన్లు ఆగి మూసేట్టు మార్చింది. పలక వరసగా ఇరవైసార్లు మూగపోయింది. మాస్టారి చేతిలో వేరుసెనగ కిందపడింది.

"వెయ్యిసార్లు మూశానని డప్పు కొట్టుకున్నాను గదమ్మా," అన్నాడు నీరసంగా. "ఒక్కసారైనా ఆగి మూశానా!"

"పప్పులో కాలేసింది నేను మాస్టారూ. మీరు దాని వెనకాలే నడిచారు, అంతే."

ఆమె ఆ పాడు వాక్యాన్ని కొట్టేసింది. మూత పడేటప్పుడు స్పీకరు కునుకులో ఉంటే ముందు తట్టి లేపాలి. సామాన్లు సర్దుకోమనాలి. అప్పుడు పద్ధతిగా పడుకోబెట్టాలి. లేచాక, ఎలా పడుకున్నా సరే, అన్నీ మొదటినుంచి గుర్తుచేయాలి. కొక్కెం ఆ సాయంత్రం నుంచి నిదానంగా, మర్యాదస్తుడిలా ఆగి ఆగి మూయడం మొదలుపెట్టింది. శుక్రవారం సాయంత్రానికి కొన్ని వందలసార్లు మూసింది. ఒక్కసారి కూడా పలక మూగపోలేదు.

కాకపోతే కొత్త గొడవ ఒకటి వచ్చిపడింది. స్పీకరు నిద్ర లేచినప్పుడల్లా 'టప్' మని చప్పుడు చేస్తోంది. ఇంత కష్టపడి ఈ టప్పేమిటని పిడుగు తల పట్టుకుంది. దాన్ని అణచడానికి ఇంకో రోజు కావాలి, ఆ రోజు లేదు. ఇంటికి తెచ్చి, భయపడుతూ మామయ్య ముందు పెట్టింది.

ఆయన తెరిచాడు. టప్. ఉలిక్కిపడి చూశాడు. మూసి, ఆగి, తెరిచాడు. టప్. ఆయన మొహం వెలిగిపోయింది. గబగబా టైపు చేశాడు.

"ఇది నా మైకు ఆన్ చేసిన చప్పుడు. ఈ చప్పుడుకే బస్టాండంతా తలెత్తి చూసేది. ముట్టుకున్నావంటే చేతులు విరుస్తా."

శనివారం పదింటికి పాత మైకు గది ముందు ఓ పాతికమంది చేరారు. డ్రైవర్లు, కండక్టర్లు, వాళ్ల ఇళ్లవాళ్లు. మూతల మాస్టారు కూడా వేరుసెనగల పొట్లంతో వచ్చాడు. అత్తయ్య సంచీ ఒళ్లో పెట్టుకుని ఎదురుగా బల్ల మీద కూర్చుంది. ఈసారి కిటికీ వైపే తిరిగి కూర్చుంది. పిడుగు గుమ్మం పక్కన నిలబడింది. చూపంతా పలక మూత మీదే.

మామయ్య లోపల పాత మైకు ముందు పలక పెట్టి మూత తెరిచాడు. టప్! పాతికమందీ ఒక్కసారి తలెత్తారు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. ఈ గది నుంచి ఇదే చివరి ప్రకటన. మరిచిపోయిన గొడుగులు, సంచులు, పిల్లలు ఎవరివైనా ఇక్కడ ఉంటే వెంటనే వచ్చి తీసుకెళ్లగలరు."

నవ్వులు, చప్పట్లు. ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు. మామయ్య అలవాటు ప్రకారం కిటికీలోంచి తల బయటపెట్టి, అందరి మొహాలూ నింపాదిగా చూసి, పలక మూశాడు. అసలు పరీక్ష ఇప్పుడని పిడుగుకు తెలుసు.

"గురూ!" ఈల కండక్టరు ముందుకొచ్చాడు. "ఆరోజు నోరు జారాను, మనసులో పెట్టుకోకు. ఆ కథ మిగతా సగం చెప్పవూ? వారం నుంచి నిద్ర పట్టట్లేదు. ఏడున్నర బస్సు వెళ్లిపోతే వాడికెందుకు హమ్మయ్య?"

మామయ్య మూత తెరిచాడు. టప్.

"వాళ్లావిడ రోజూ అలిగి, ఏడున్నర బస్సుకు పుట్టింటికి పోతానని సంచీ సర్దేదట. అది వెళ్లిపోయిందంటే ఆ రోజుకి ఇల్లు నిలబడ్డట్టే. అందుకని."

ఈసారి అందరూ కథకే నవ్వారు. ఈల కండక్టరు బల్ల చరిచి మరీ నవ్వాడు. పిడుగు గోడకు ఆనుకుని, ఊపిరి వదిలింది. మామయ్య ఆ నవ్వంతా తృప్తిగా విని, పలక మూశాడు.

అత్తయ్య మాత్రం నవ్వలేదు.

"వాడి సంగతి సరే," అంది బల్ల మీంచి. "నా సంగతేమిటి? నేనూ సంచీ సర్దుకుని ఇదే బల్ల మీద కూర్చున్నదాన్నే. నాలుగుసార్లు! నా బస్సు నాకు వినపడకుండా ఎలా పోయింది?"

అందరూ కిటికీ వైపు చూశారు. మామయ్య కదల్లేదు. పలక మూసే ఉంది. ఎవరైనా ఏదైనా అడిగాక ఇంతసేపు ఎప్పుడూ మూసి ఉంచలేదు. పిడుగు పెదవి కొరుక్కుంది. పలక పనిచేస్తుందని ఆమెకు తెలుసు, మనిషే తెరుస్తాడో లేదో తెలియదు. ఆయన ఒకసారి అత్తయ్యను చూశాడు. ఒకసారి ఈల కండక్టరును చూశాడు. ఈల కండక్టరు ఆకాశంకేసి చూస్తూ ఈల వేయడం మొదలుపెట్టాడు.

మూత తెరుచుకుంది. టప్.

"నువ్వు ఇక్కడ కూర్చున్న రోజున మీ పుట్టింటి బస్సును నేను మైకులో పిలవలేదు. నాలుగుసార్లూ పిలవలేదు. పిలిస్తే వెళ్లిపోతావని."

బస్టాండు గొంతు అది. నాలుగు ప్లాట్‌ఫారాలూ దాటి వినపడింది. ఎవరూ నవ్వలేదు.

"మరి తక్కిన ప్రయాణికులు?" అంది అత్తయ్య మెల్లగా.

"మేమున్నాం కదా వదినా," అన్నాడు ఈల కండక్టరు, తప్పు చేసిన బడిపిల్లాడిలా. "ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చెవిలో చెప్పి ఎక్కించుకునేవాళ్లం. ఈల కూడా వేసేవాణ్ణి కాదు. నువ్వేమో గోడవైపు తిరిగి కూర్చునేదానివి."

"అయ్యో అయ్యో! ఊరంతా కలిసి నన్ను ఇంట్లో కూర్చోబెట్టారన్నమాట! నా చెవులే పోయాయనుకున్నాను కదయ్యా ఇన్నేళ్లూ!" అత్తయ్య నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ పైటకొంగుతో కళ్లొత్తుకుంది. ఆ తర్వాత ఆమె నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. మామయ్య కిటికీలోంచి తల బయటపెట్టి, ఆ నవ్వు పూర్తయ్యేదాకా ఆగాడు. అప్పుడు పలక మూశాడు, లోపల స్పీకరు పద్ధతిగా సామాన్లు సర్దుకుని నిద్రపోయింది.

ఆమె నెమ్మదించాక, ఆయన మళ్లీ తెరిచాడు. టప్.

"ప్రయాణికురాలికి విజ్ఞప్తి. మన ఇంటికి వెళ్లే బస్సు రెండో నంబరు ప్లాట్‌ఫారంలో సిద్ధంగా ఉంది. నేను కూడా వస్తున్నాను."

ఆ గొంతు తన బస్సును పిలిస్తే లేద్దామని ఎప్పుడో ఆ బల్ల మీద కూర్చున్న మనిషి, సంచీ భుజాన వేసుకుని లేచింది.